చిలకమ్మకు బదులు ఎమిలీ

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
జూన్, 1964

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు చిలకమ్మను మావయ్య తవిటయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. వర్క్‌షాపు సైరన్‌కు లేస్తున్నాం, సైరన్‌కు తింటున్నాం. మీ ఆయన జగ్గారావు కూడా క్షేమమే. నిన్న నీ ఫొటో చూస్తూ చారులో మజ్జిగ కలుపుకుని తాగేశాడు. తండ్రిని కాబట్టి అంతకు మించి రాయను.

అసలు సంగతి విను. ప్రేమ్ బజార్ దారిలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో తెలుగు వచ్చిన నర్సు కావాలట. మన ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు అక్కడికెళ్లి నొప్పి ఎక్కడో చెప్పలేక, చెయ్యి ఒకచోట, ఏడుపు ఒకచోట పెడుతున్నారట. ఈ మాట వినగానే వెళ్లాను. చెప్పులు గేటు బయటే వదిలాను. గేటు కాపలా దర్వాను 'జూతా పహన్‌కే ఆవో', చెప్పులేసుకుని రా అని కసిరాడు. వాడికేం తెలుసు? నువ్వు కొత్త కోడలిగా గృహప్రవేశానికి వచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం, పొరుగింటి పోలమ్మకు పుట్టిన పిల్ల ఏడవలేదు. నువ్వు గాజులు తీసి గూట్లో పెట్టి, ఆ పిల్లను అరచేతిలో పడుకోబెట్టుకుని ఊపిరి ఊదావు. పిల్ల కెవ్వుమంది. నా సర్వీసంతా ఓవర్‌హాలైన ఇంజను మొదటి కూత వింటూనే ఉన్నాను, ఒళ్లు అలా గగుర్పొడవలేదు. ఆనాటి నుంచి నర్సు ఉన్నచోట నాకు చెప్పులతో నడవాలనిపించదు.

మేట్రన్ అమ్మ ఒక్కటే అడిగింది. 'మీ కోడలికి బెంగాల్ రిజిస్ట్రేషన్ ఉందా?' ఉందనేశాను. ఇంటికొచ్చాక భయమేసింది. తల్లీ, అదేమిటి? బజార్లో దొరుకుతుందా? దుర్గా పూజల లోపు కావాలట. ఆ తర్వాత పోస్టు ఉంచరట.

ఇట్లు,
నీ మావయ్య తవిటయ్య

తా.క. మీ అత్త జోగమ్మ ఉన్నది ఉన్నట్టు రాయమంది: "కోడలు పిల్లా, ఆ రిజిస్టరీలూ గిజిస్టరీలూ మనకేటికి? ఉజ్జోగం మానీసి వచ్చీ. ఇక్కడ తిండికి లోటేటి?" నేను రాశాను. ఆమె చెప్పిందని రాశాను, నేను ఒప్పుకున్నానని కాదు.



నర్సుల హాస్టల్, విశాఖపట్నం

పూజ్యులు మావయ్యగారి పాదాలకు కోడలు చిలకమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. పెళ్లయి ఏడాది దాటింది. వారు పాసు మీద వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మావయ్యగారూ, రిజిస్ట్రేషన్ బజార్లో దొరకదు. నా పేరు ఆంధ్ర నర్సుల కౌన్సిల్ పుస్తకంలో ఉంది. బెంగాల్లో సూది పట్టాలంటే అక్కడి కౌన్సిల్ పుస్తకంలో కూడా ఎక్కాలి. చదువూ అదే, చేతులూ అవే. రాష్ట్రం సరిహద్దు దగ్గర మెయిలు బండి కూడా ఆగదు, నా చదువు మాత్రం ఆగి నిలబడాలట. మళ్లీ పరీక్ష అక్కర్లేదు లెండి. రెండు కౌన్సిళ్లూ ఒకరి నర్సుల్ని ఒకరు ఒప్పుకుంటాయి. దానికి ఇంగ్లీషులో నోరు తిరగని మాట ఒకటుంది. మా సూపరింటెండెంటుగారు 'అంటే మ్యూచువల్ అమ్మా' అని తేల్చేశారు. దరఖాస్తు ఈరోజే కలకత్తాకు పంపాను.

అత్తయ్యకు కోపం రాకుండా చెప్పండి. ఉద్యోగం మానేసి రమ్మంటే వస్తాను. కానీ పక్కింట్లో ఇంకో పిల్ల ఏడవకపోతే, నేను తలుపు దగ్గర నిలబడి చూడాల్సి వస్తుంది. అది నా వల్ల కాదు. నర్సుగానే రావాలని ఉంది.

మీ కోడలు,
చిలకమ్మ

తా.క. వారిని చారూ మజ్జిగా విడివిడిగా తాగమనండి. ఫొటో ఎక్కడికీ పోదు.



ఓల్డ్ సెటిల్‌మెంట్

కోడలు చిలకమ్మకు దీవెనలు, ధైర్యం రెండూ పంపుతున్నాను.

'మ్యూచువల్' అన్న మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నర్సులకు కూడా మ్యూచువల్ ఉందా! ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత బెంగ పడేవాణ్ణి కాదు. రైల్వేవాడికి మ్యూచువల్ సంగతి ఒకరు నేర్పాలా? మా బాయిలర్ షాపు సుందర్ రాజు ఆద్రా డివిజన్ నుంచి ఇక్కడికొచ్చింది దాని మీదే. మనిషి దొరికేసరికి వాడి జుట్టు సగం రాలిపోయింది. దొరికిన మనిషేమో మేక కావాలన్నాడు. మేకను ఇచ్చుకున్నాడు.

నువ్వు నిశ్చింతగా ఉండు. మనిషిని వెతికే భారం నాది. డ్యూటీ దిగగానే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడుతున్నాను.

ఇట్లు, నీ మావయ్య

తా.క. మేక దాకా రాదనుకుంటున్నాను. వచ్చినా మీ అత్తకు చెప్పకు.



విశాఖపట్నం

మావయ్యగారికి నమస్కారాలు.

తొందరలో రాస్తున్నాను, వార్డుకు వేళయింది. దయచేసి ఏ మనిషినీ పట్టుకోకండి. మేకా వద్దు, కోడీ వద్దు. నా పని వరుసలో దానంతటదే అవుతుంది. లంచమిచ్చి తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ నంబరుతో నేను సూది పట్టలేను.

చిలకమ్మ

తా.క. మేక సంగతి అత్తయ్యకు చెప్పలేదు. మీరు కొనలేదని మాత్రం రాయండి.



ఓల్డ్ సెటిల్‌మెంట్
ఆగస్టు

బంగారుతల్లి చిలకమ్మకు మావయ్య ఆనందబాష్పాలతో రాస్తున్నది.

అయ్యో తల్లీ, మనిషంటే లంచం మనిషి కాదు. ఆడమనిషి! మేక ప్రసక్తే లేకుండా దొరికింది.

నీకు బదులు ఒక అమ్మాయి కుదిరింది. పేరు ఎమిలీ. నర్సే, నీ చదువే. తెల్లగా, కాస్త బొద్దుగా ఉంటుంది. గౌను వేసుకుంటుంది గానీ మాట మెత్తన. మొదట నేను హిందీలో అడిగితే భయపడింది. జగ్గారావును పంపాను. వాడు రెండుసార్లు సైకిలు మీద వెళ్లి మాట్లాడాడు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత పర్వాలేదు. మీ అత్త కూడా చూసొచ్చింది. అమ్మాయి కేకు పెడితే తిన్నది, మా ఇంట్లో అభ్యంతరం లేదు. ఆమె వెనక ఆర్థర్ అనే ఒకతను ఉన్నాడు. అతనికి కూడా ఇది ఎంతో ఇష్టమట. ఏం మనసులు! ఏం మనుషులు! ఇలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే వానలు పడుతున్నాయి.

ఒక్కటే మిగిలింది. ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి. నువ్వు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టి పంపు. పూజల ముందే పని పూర్తయిపోతుంది.

ఇట్లు,
సంతోషం పట్టలేని మావయ్య

తా.క. ఎమిలీకి నీ మంచం పొడవెంతో కావాలట. ఆమె కాస్త పొడగరి.



విశాఖపట్నం

తవిటయ్యగారికి,

సంతకం పెట్టను.

మీ ఉత్తరం హాస్టల్లో అందరిముందూ విప్పాను. "ఏటీ? నాకు బదులా? కేకు తిన్నాదా మాయత్త?" అని అరిచానట, పై అంతస్తు వాళ్లు దిగొచ్చారు. ఇన్నేళ్లు పట్నంలో చదువుకుని నేర్చుకున్న భాషంతా ఒక్క ఉత్తరంతో ఎగిరిపోయింది.

నా రిజిస్ట్రేషన్ ఆలస్యమైతే నాకు బదులు ఇంకో నర్సును తెచ్చుకుంటారా? కోడలంటే ఆసుపత్రి పోస్టు అనుకున్నారా, పూజల లోపు నింపేయడానికి? వారు రెండుసార్లు సైకిలు మీద వెళ్లారా? ఇక్కడికి రమ్మంటే సెలవు లేదన్న మనిషికి అక్కడ సెలవు దొరికిందా? మీరంటే నాకు తండ్రి కంటే ఎక్కువ గౌరవం. అందుకే ఇంకేమీ రాయలేకపోతున్నాను.

ఇంకా మీ కోడలినే,
చిలకమ్మ

తా.క. నా మంచం పొడవు నేను చెప్పను.



ఓల్డ్ సెటిల్‌మెంట్

తల్లీ, చిలకమ్మా!

నీ ఉత్తరం అందింది. జగ్గారావు చదివి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి లేవలేదు. నేను లెంపలు వేసుకుని మరీ రాస్తున్నాను.

నీ కాపురానికి బదులు కాదమ్మా, నీ డ్యూటీకి బదులు! మ్యూచువల్ అని నువ్వే కదా రాశావు! రైల్వేలో ఒకడు ఆద్రా నుంచి ఖరగ్‌పూర్‌కు రావాలంటే, ఖరగ్‌పూర్ వాడు ఒకడు ఆద్రా పోవడానికి ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెడతారు. అదీ మ్యూచువల్. నువ్వు బెంగాల్‌కు రావాలంటే బెంగాల్ నర్సు ఒకామె ఆంధ్రకు పోవాలి కదా? లేకపోతే అక్కడ ఒక నర్సు తక్కువై, ఇక్కడ ఒకరు ఎక్కువైపోరూ? ప్రభుత్వం ఊరుకుంటుందా?

అందుకే గేటు దగ్గర నిలబడి ప్రతి నర్సునూ అడిగాను, 'దీదీ, వైజాగ్ జాయేంగే?' అని. దర్వాను నన్ను పిచ్చివాడనుకున్నాడు. మలయాళం నర్సు కొట్టాయమైతే రేపే పోతానంది. చివరికి ఎమిలీ కళ్లు మెరిశాయి. ఆమెకు మాట ఇచ్చుకున్న ఆర్థర్ వాల్తేరులో గార్డు. నర్సు ఉద్యోగం రాష్ట్రం దాటదని ఎవరో చెబితే, పెళ్లి వాయిదా వేసుకుంటూ కూర్చుంది పాపం. మంచం పొడవు అడిగింది నీ హాస్టల్ మంచానిది.

క్షమించమని అడిగే వయసు కాదు నాది, అయినా అడుగుతున్నాను.

తవిటయ్య

తా.క. మీ అత్త మాట: "ఈ ముసలోడికి ఉత్తరం రాయడం రాదని నాను పెళ్లినాడే సెప్పినాను. పిల్లా, నీకు బదులు ఎవుత్తినైనా నా గుమ్మం తొక్కనిస్తానేటి? కేకంటావా, తిన్నాను. బాగున్నాది. అంతే."



విశాఖపట్నం

పూజ్యులు మావయ్యగారికి సిగ్గుతో తల వంచుకుని రాస్తున్నాను.

మీ ఉత్తరం ఈసారి తలుపు వేసుకుని చదివాను. తర్వాత నేనే తలుపు తీసి అందరికీ చదివి వినిపించాను. సూపరింటెండెంటుగారు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు.

నా కోసం గేటు దగ్గర అన్ని రోజులు నిలబడ్డారా? మా ఊళ్లో కోడలి కోసం వీధి గుమ్మం దాటి నిలబడిన మావగారిని నేను చూడలేదు. నేను రాసిన మాటలన్నీ చించి పొయ్యిలో వేయండి.

కానీ మావయ్యగారూ, నర్సుల మ్యూచువల్ రైల్వే మ్యూచువల్ కాదు. ఎవరూ ఎవరికి బదులు పోనక్కర్లేదు. ఒక రాష్ట్రం పుస్తకంలో పేరుంటే, ఇంకో రాష్ట్రం కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు మన కౌన్సిల్‌ను అడిగి సరిచూసుకుని ఎక్కించుకుంటారు. అంతే. ఎమిలీగారిని ఊరికే ఆశపెట్టినందుకు నా తరఫున క్షమించమనండి. నా సంతకంతో ఆమెకు పని లేదు. ఆమెకు ఎవరి సంతకంతోనూ పని లేదు.

మీ చిలకమ్మ

తా.క. గోడవైపు తిరిగిన మనిషిని ఇటు తిరగమనండి.



ఓల్డ్ సెటిల్‌మెంట్
సెప్టెంబరు

కోడలు చిలకమ్మకు ఆశీస్సులు.

నీ ఉత్తరం పట్టుకెళ్లి ఎమిలీకి హిందీలో చదివి చెప్పాను. "ఆమెకు ఎవరి సంతకంతోనూ పని లేదు" అన్నచోట ఆపమంది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. లేచి కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. ఎప్పుడూ టీ ఇచ్చే మనిషి, ఆరోజు ఇవ్వడం మరిచిపోయింది. మ్యూచువల్ పోయిందని బాధపడిందేమో అనుకుని చప్పుడు చేయకుండా వచ్చేశాను.

తర్వాత ఆగలేక, పాసు మీద కలకత్తా వెళ్లాను. నీ కౌన్సిల్ ఎలా ఉంటుందో చూద్దామని. తల్లీ, నేను హౌరా వంతెన చూశాను, చౌరంగీ చూశాను. అవన్నీ ఒక ఎత్తు. ఆ ఆఫీసులో ఒక బాబు లావుపాటి పుస్తకం తిరగేస్తున్నాడు. పుట పుటకూ పేర్లే. అందరూ నర్సులే. ప్రతి పేరు వెనకా రెండు చేతులు, ఆ చేతుల్లో ఎన్ని పసిగుడ్లో, ఎంతమంది ముసలాళ్ల చివరి మంచినీళ్లో. ముక్కూ మొహం తెలియని మనుషులకు మన ప్రాణాలు ఇచ్చేసి నిద్రపోతున్నామంటే, ఎవరో ఒకరు కూర్చుని ఆ చేతులన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూసి రాసుకుంటున్నారు కాబట్టే కదా! రెండు ఊళ్ల మధ్య ఇంత పని జరుగుతోందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. బాబు 'బోసున్' అని కుర్చీ చూపించాడు. అంతమంది తల్లుల ముందు కూర్చోవడం ఎలా? నిలబడే ఉన్నాను. నీ కాగితాలు సరిగ్గా ఉన్నాయట, వరుసలో ఉన్నాయట.

ఇట్లు, మావయ్య

తా.క. అక్కడ కూడా చెప్పులు వదిలాను. ఈసారి ఎవరూ కసరలేదు, కానీ తిరిగొచ్చేసరికి ఒకటే ఉంది.



విశాఖపట్నం
నవంబరు

మావయ్యగారికి నమస్కారాలు.

నిన్న రెండు కవర్లు వచ్చాయి. మొదటిది కలకత్తా నుంచి. నా పేరు బెంగాల్ పుస్తకంలో ఎక్కింది. నంబరు వేసి పంపారు. చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చున్నాను. నన్ను ఎప్పుడూ చూడనివాళ్లు నా చేతుల్ని నమ్మారు.

రెండోది మిషన్ ఆసుపత్రి మేట్రన్ అమ్మది. పూజలు దాటిపోయాయి కాబట్టి, ఆ పోస్టు మిద్నాపూర్ అమ్మాయికి ఇచ్చారట. ఆమె తప్పేం లేదు, రోగులు ఎన్నాళ్లు ఆగుతారు?

ఊళ్లో ఇంకెక్కడా ఖాళీ లేదని వారు ఇదివరకే రాశారు. వారూ నేనూ ఇలా ఉత్తరాల మీద బతకడం ఇక నా వల్ల కాదు. నెలాఖరుకు ఇక్కడ రాజీనామా ఇచ్చి వచ్చేస్తాను. అత్తయ్య కోరినట్టే అవుతుంది. తెల్ల చీరలు మా హాస్టల్ ఆయాకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. దాచుకుంటే చూసినప్పుడల్లా ఏడుపొస్తుంది.

చిలకమ్మ

తా.క. ఈసారి తాజా కలంలో రాయడానికి నవ్వే మాట ఏదీ దొరకలేదు మావయ్యగారూ.



ఓల్డ్ సెటిల్‌మెంట్
నవంబరు

తల్లీ! రాజీనామా ఇచ్చేముందు ఇది చదువు. చీర ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉంది. సాయంత్రం గుమ్మంలో గౌను కనిపించింది. ఎమిలీ! చేతిలో కేకు, కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు. మూడూ ఒక్కసారి ఒక మనిషిలో పట్టడం నేను మొదటిసారి చూశాను.

ఆరోజు నేను నీ ఉత్తరం చదివినప్పుడు ఆమె బాధపడలేదట తల్లీ. తను ఇన్నేళ్లూ లేని గోడకు ఇవతల కూర్చున్నానని అప్పుడు తెలిసిందట. మర్నాడే ఆంధ్ర కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకుంది. నీకు బెంగాల్ నంబరు వచ్చిన వారమే ఆమెకు ఆంధ్ర నంబరు వచ్చింది. వాల్తేరులో ఒక నర్సింగ్ హోం రమ్మంది. క్రిస్మస్‌కు ముందు చర్చిలో పెళ్లి. ఇక్కడ రాజీనామా ఇచ్చేసింది.

ఇస్తూ ఊరుకుందా? మేట్రన్ అమ్మ ఎదురుగా కూర్చుని, 'నా చోట్లోకి తవిటయ్య కోడలు తప్ప ఇంకెవరు వచ్చినా నేను కదలను' అందట. మేట్రన్ అమ్మ నవ్వి, 'నంబరు ఉంటే నాకేం అభ్యంతరం, తెలుగు నర్సు నాకింకా కావాలి' అందట. ఆ మధ్యాహ్నం ఎమిలీ కబురు పెడితే వెళ్లిన జగ్గారావు అక్కడే ఉన్నాడు. నువ్వు ఉత్తరంలో రాసిన నీ నంబరు వాడికి కంఠతా వచ్చు. లేచి నిలబడి, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చెప్పేశాడు. ఆర్డరు ఈ ఉత్తరంతో పాటే వస్తోంది. చదువు. 'రాజీనామా చేసిన ఎమిలీ స్థానంలో చిలకమ్మ' అని టైపు కొట్టి ఉంది.

కోడలా, నీ చదువుకు నేను చేతులెత్తి దండం పెడతాను. నర్సుల మ్యూచువల్‌లో ఎవరూ ఎవరికీ బదులు పోనక్కర్లేదని నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఎమిలీ నీకు బదులు పోలేదు. నువ్వు నిజం చెప్పినందుకు పోయింది. ఆమె పోయినందుకు నువ్వు వస్తున్నావు. ఇందులో నేను చేసిందల్లా తప్పుగా అర్థం చేసుకోవడమే. ఈ లోకం ఎంత వింతగా అల్లి ఉందో చూడు! నిన్న షాపులో సుత్తి ఎత్తి, దించడం మరిచిపోయి నిలబడ్డాను. సుందర్ రాజు వచ్చి దింపాడు.

ఇట్లు,
గేటు దగ్గర నిలబడే పని లేని నీ మావయ్య,
తవిటయ్య

తా.క. మీ అత్త పక్కనే కూర్చుని ఒక్కో ముక్కా రాయిస్తోంది: "పిల్లా, నీ ఉత్తరం మీ మావ సదివినాడు. సీరలు ఇచ్చీస్తానన్నావంట. మొన్న మానీమన్నది నానే. ముత్తయిదువ తెల్లసీర కట్టుకుని తిరుగుతాదేటని నాకు బెంగ, అదే దాసుకుని ఉజ్జోగం మీద పెట్టినాను. నిన్న పోలమ్మ కూతురు నా ఒళ్లోకొచ్చి కూకున్నాది. దాని గుండె టకటకమని కొట్టుకుంతంటే సెయ్యేసి సూసినాను. ఆ టకటక నీ ఊపిరే కదా. అన్ని సీరలూ తెచ్చీ. మూలకి పసుపు నానే రాసి ఇస్తాను, డూటీకి కట్టుకుని ఎల్దువు గాని."